రిపోర్టు ఎవరిది? సంతకం ఎవరిది?

మొన్నామధ్య మా ఆవిణ్ణి తీసుకుని స్కానింగుకి వెళ్ళాను. మూడో నెల నడుస్తోంది. రిసెప్షన్లో గోడ మీద పెద్ద బోర్డు: ఇక్కడ లింగ నిర్ధారణ చెయ్యబడదు, అది చట్టరీత్యా నేరం అని. ఆ బోర్డు కిందే కూర్చుని ఒక ఫారం నింపాం. ఫారం ఎఫ్ అంటారట. ఇదివరకు పిల్లలున్నారా, ఉంటే ఆడా మగా, స్కానింగు ఎందుకోసం, ఎవరు రాసిచ్చారు, ఇలా బోలెడన్ని గళ్ళు. మనకసలే "ఐ అగ్రీ" నొక్కేసి ముందుకెళ్ళిపోయే అలవాటు కదా. "చదవక్కర్లేదు, సంతకం పెట్టెయ్" అన్నాను. పెట్టేసింది.

వారం తర్వాత రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చింది. డబుల్ మార్కర్ అంటారు దీన్ని. కడుపులో బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎంతో అంచనా కట్టే పరీక్ష. కింద ఎర్రటి అక్షరాల్లో ఉంది: హై రిస్క్, 1:190.

డాక్టరుగారు రిపోర్టు చూశారు, తలెత్తారు, నా వైపు తిరిగారు. "ఏం చేద్దామంటారు సార్? ఉమ్మనీటి పరీక్ష చేయించేద్దామా?" అన్నారు. నేను తెలివైనవాడిలా మొహం పెట్టి ఏదో చెప్పబోతుంటే పక్కనుంచి మా ఆవిడ అంది: "మేడం, రిపోర్టు నాది కదా. నన్నడగట్లేదేంటి?"

డాక్టరుగారు చెడ్డమనిషేం కాదు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు, పొద్దున్నించీ కుర్చీలోంచి లేవలేదు పాపం. సారీ చెప్పి, ఆవిడ వైపు తిరిగి, ఓపిగ్గా ఐదు నిమిషాలు మాట్లాడారు. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. డాక్టరుగారి తప్పు కన్నా నా తప్పే ఎక్కువ కనిపించింది. నన్నడగడం నాకు సహజంగానే అనిపించింది మరి! ఆవిడ నోరు తెరిచేదాకా అందులో తేడా ఉన్నట్టే తోచలేదు.

సరే, నిద్రపట్టకపోతే మనం చేసే పని ఒకటే, చదవడం. అలా చదివిందే ఇదంతా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, లాయర్ని అంతకంటే కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. దీన్ని వైద్య సలహాగా తీసుకోకండి. కడుపులో బిడ్డ గురించి ముందే తెలుసుకునే పరీక్షలు ఎలా వచ్చాయి, తెలిసినదాంతో ఏం చెయ్యాలో నిర్ణయించే హక్కు ఎవరెవరి చేతులు మారింది, ఇదీ నా గోల.

* * *

కథ కోపెన్‌హాగెన్‌లో మొదలవుతుంది. 1956లో ఫ్రిట్జ్ ఫుక్స్, పావుల్ రీస్ అనే ఇద్దరు డేనిష్ డాక్టర్లు గర్భిణుల నుంచి సూదితో ఉమ్మనీరు తీసి, అందులో తేలే బిడ్డ కణాల్ని మైక్రోస్కోపు కింద పెట్టారు. అంతకు ఏడేళ్ళ ముందు కెనడాలో మర్రీ బార్, ఆయన శిష్యుడు బెర్‌ట్రమ్ కలిసి పిల్లుల నరాల కణాల్లో ఒక తమాషా గమనించారు. ఆడపిల్లి కణాల్లో ఒక చిన్న నల్ల చుక్క ఉంటుంది, మగపిల్లి కణాల్లో ఉండదు. ఆ చుక్క కోసమే వీళ్ళు ఉమ్మనీట్లో వెతికారు. చుక్క కనిపిస్తే ఆడ, కనిపించకపోతే మగ. అదే రోజుల్లో వేరే దేశాల్లోనూ ఒకరిద్దరు ఇదే పనిలో ఉన్నారు.

గమనించారా? ఉమ్మనీట్లో తేలే బిడ్డ కణాలు లోకానికి మొట్టమొదట చెప్పిన కబురే ఆడా మగా అన్నది. లోపాల కోసం పుట్టిన పరీక్షని మనవాళ్ళు పాడుచేశారని అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కాదు, ఆ కణాల పరీక్ష మొదలైందే లింగ నిర్ధారణతో.

అయితే వాళ్ళ కారణం వేరు. హీమోఫీలియా అని, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. తల్లి వైపు నుంచి వస్తుంది, దాదాపుగా మగపిల్లలకే తగులుతుంది. ఆ జబ్బున్న కుటుంబాల్లో తల్లికి "పుట్టబోయేది మగబిడ్డ" అని తెలిస్తే, గర్భం ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించుకునే వీలుంటుందని వాళ్ళ ఉద్దేశం. డెన్మార్క్ చట్టం అలాంటి సందర్భాల్లో అబార్షనుకి ఒప్పుకునేది. అంటే అక్కడ వదులుకున్నది మగపిండాల్ని. అదే సూది మన దేశానికొచ్చేసరికి కథ తిరగబడింది.

ఈ పావుల్ రీస్ గురించి ఇంకొక్క ముక్క చెప్పాలి. ఆయన తర్వాతి కాలంలో వైద్య నీతిశాస్త్రం వైపు మళ్ళాడు. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకి హెల్సింకి ప్రకటన అని ఒక నియమావళి ఉంది. 1975లో దాన్ని తిరగరాసిన ముగ్గురిలో ఈయనొకడు. పరిశోధనని మొదలుపెట్టేముందు దాంతో సంబంధం లేని ఒక కమిటీ చూసి తీరాలన్న నియమం అప్పుడే అందులోకి వచ్చింది. సూదిని వాడి చూసినవాడే, ఆ తర్వాత కళ్ళేల గురించి ఆలోచించాడన్నమాట.

ఇక స్కానింగు యంత్రం. ఇది మన జాతివాళ్ళ కథ, అంటే ఇంజనీర్ల కథ. 1955లో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ లోహంలో పగుళ్ళు కనిపెట్టడానికి అల్ట్రాసౌండ్ వాడేవారు. ఇనుములో పగులు కనిపిస్తే, కండలో గడ్డ కనిపించదా అని ఆయన అనుమానం. కనిపించింది. ఈ సంగతి టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు చెవిన పడింది. ఇరవయ్యేళ్ళు దాటి రెండు మూడేళ్ళయి ఉంటుందేమో, అంతే. డాక్టరు దగ్గరికి తనే వెళ్ళి, మనిషి పొట్ట మీద ఆనించి బొమ్మ తీసే యంత్రం తయారుచేసి పెట్టాడు. 1958లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వాళ్ళ పేపరు మీద డొనాల్డ్, మెక్‌వికార్ అనే ఇద్దరు డాక్టర్లతో పాటు ఇతని పేరూ ఉంది.

ఆ మరుసటేడే, 1959లో, పారిస్‌లో డౌన్ సిండ్రోముకి కారణం 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉండటమేనని తేలింది. పేరంతా జెరోమ్ లెజూన్‌కి వచ్చింది. కణాల్ని పెంచి చూపించిన మార్త్ గోతియే అనే ఆవిడకి దక్కాల్సిన వాటా దక్కడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1960ల చివరికల్లా ఉమ్మనీటి కణాల్ని పెంచి క్రోమోజోములు లెక్కపెట్టడం సాధ్యమైంది. సూది ఇప్పుడు ఆడా మగా కాకుండా ఇంకా చాలా చెప్పగలదు.

విచిత్రమేమిటంటే డొనాల్డూ, లెజూనూ ఇద్దరూ అబార్షనుకి గట్టి వ్యతిరేకులు. బతికున్నంతకాలం దాని మీద పోరాడారు. వాళ్ళు తయారుచేసినవి మాత్రం వాళ్ళ మాట వినలేదు. మనం రాసిన కోడు ప్రొడక్షన్లోకి వెళ్ళాక యూజర్లు దాన్ని మనం అనుకున్నట్టే వాడతారా ఏమిటి!

* * *

ఇప్పుడు మన దేశానికొద్దాం. 1970ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉమ్మనీటి పరీక్షలు మొదలుపెట్టారు. ఉద్దేశం పుట్టుకతో వచ్చే లోపాలు కనిపెట్టడం. కానీ వచ్చినవాళ్ళలో చాలామంది అడిగింది వేరే ప్రశ్న. ఆడపిల్ల అని తెలిశాక తీసెయ్యమన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ రోజుల సంగతి గుర్తు చేసుకోవాలి. కుటుంబ నియంత్రణ పిచ్చి ఊపులో ఉన్న కాలం. "కొడుకు పుట్టేదాకా కంటూనే ఉంటారు కాబట్టి, ముందే ఆడా మగా చెప్పేస్తే జనాభా తగ్గుతుంది" అని చదువుకున్న డాక్టర్లే పత్రికల్లో రాశారు. ఇదంతా చాటుగా చెప్పుకున్న మాట కాదు, దేశసేవగానే చెప్పుకున్నారు. తర్వాత అభ్యంతరాలు వచ్చి, 1970ల చివరికల్లా ప్రభుత్వాసుపత్రుల్లో లింగ నిర్ధారణని ఆపేశారు. ప్రభుత్వాసుపత్రుల్లో మాత్రమే. ప్రైవేటు క్లినిక్కులకి అదే వరమైంది. అమృత్‌సర్లో, బొంబాయిలో బహిరంగంగా ప్రకటనలు వేశారు. ఇప్పుడు వందలు ఖర్చుపెట్టుకుంటే రేపు కట్నం కింద వేలకి వేలు మిగులుతాయన్న ధోరణిలో!

1983లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దీని మీద ఒక చర్చ నడిచింది. ధర్మా కుమార్ అనే పేరున్న ఆర్థిక చరిత్రకారిణి వాదన ఇది: పుట్టాక నిర్లక్ష్యం చేసి చంపుకోవడం కన్నా పుట్టకముందే ఎంచుకోవడం నయం కాదా? ఆడవాళ్ళ సంఖ్య తగ్గితే వాళ్ళ విలువ పెరగదా? సప్లై తగ్గితే రేటు పెరుగుతుందన్న మామూలు లెక్క. దానికి లీలా దూబే అనే మానవశాస్త్రవేత్త జవాబిచ్చారు. ఆడవాళ్ళు సరుకు కాదు, సమాజం మార్కెట్టు కాదు, కొరత వస్తే పెరిగేది గౌరవం కాదు, అపహరణలూ అమ్మకాలూ హింసా అని. ఆ తర్వాతి దశాబ్దాల్లో హర్యానా కుర్రాళ్ళకి బీహార్ నుంచీ, అస్సాం నుంచీ డబ్బులిచ్చి పెళ్ళికూతుళ్ళని తెచ్చుకున్న వార్తలు మనందరం చదివాం. ఎవరి లెక్క నిజమైందో చెప్పక్కర్లేదు.

ఈ చర్చని ఎందుకు తెచ్చానంటే, అందులో అసలు మాట "ఎంపిక". మా కుటుంబం మా ఇష్టం, తల్లి ఇష్టపడే చేయించుకుంటోంది కదా అన్నది క్లినిక్కులవాళ్ళ వాదన. వినడానికి ఎంత ఆధునికంగా ఉంది! కానీ ఇద్దరాడపిల్లల తర్వాత మూడోసారి కడుపుతో ఉన్న కోడలు, అత్తగారూ భర్తా అటూ ఇటూ నిలబడి ఉండగా పెట్టే సంతకాన్ని ఆవిడ ఇష్టం అనగలమా?

బొంబాయిలో 1980ల మధ్యలో మహిళా సంఘాలూ, కొందరు డాక్టర్లూ కలిసి ఉద్యమం నడిపారు. ఫలితంగా 1988లో మహారాష్ట్ర చట్టం, 1994లో దేశమంతటికీ పీఎన్‌డీటీ చట్టం వచ్చాయి. అమల్లోకి వచ్చింది 1996 జనవరి 1న. అమలంటే కాగితం మీదే. 2000లో సేహత్, మాసూమ్ అనే సంస్థలూ, సాబు జార్జ్ అనే ఆయనా సుప్రీంకోర్టుకి వెళ్ళేదాకా కదలిక లేదు. 2001 నుంచి కోర్టు వరసగా ఆదేశాలిచ్చింది. స్కానింగు యంత్రాలు ఎవరెవరికి అమ్మారో జాబితా ఇమ్మని కంపెనీలని కూడా అడిగింది. 2003లో చట్టాన్ని సవరించి గట్టి చేశారు.

1991 జనాభా లెక్కల్లో దేశంలో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకి 945 మంది ఆడపిల్లలుంటే, 2001 నాటికి 927 అయ్యారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో కాస్త మెరుగు, 975 నుంచి 961కి దిగింది. దిగడమైతే దిగింది. 2004లో హైదరాబాద్ కలెక్టరుగా ఉన్న అరవింద్ కుమార్ స్కానింగ్ సెంటర్ల రికార్డుల మీద పడ్డారు. ఫారాలు సరిగ్గా నింపని సెంటర్లకి నోటీసులు వెళ్ళాయి, లైసెన్సులు పోయాయి. గదిలో డాక్టరు ఏం చెప్పాడో ఎవరూ రికార్డు చెయ్యలేరు. కానీ ఫారాలన్నీ ఒకచోట పెడితే తప్పుడు పనికి జాడ దొరుకుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆడిట్ లాగ్. నేను "చదవక్కర్లేదు" అన్న ఆ ఫారం ఎఫ్ వెనక ఇంత కథ ఉంది.

* * *

చట్టాన్ని తెరిచి చదివితే రెండు సంగతులు నన్ను ఆపేశాయి.

ఒకటి, ఐదో సెక్షను. ఉమ్మనీటి పరీక్షలాంటిది చేసేముందు దాని దుష్ఫలితాలన్నీ గర్భిణికి వివరించాలి. ఆవిడకి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఆవిడ అంగీకారం తీసుకోవాలి. ఆ కాగితం నకలు ఆవిడ చేతికివ్వాలి. ఆవిడకి, ఆవిడ భాషలో, ఆవిడ చేతికి. భర్త ఊసే లేదు. మనలో ఎంతమంది ఇళ్ళల్లో తెలుగులో రాసిన అలాంటి కాగితం ఉంది?

రెండోది, ఇరవైనాలుగో సెక్షను. చట్టవిరుద్ధంగా పరీక్ష చేయించుకున్నట్టు తేలితే, భర్తో బంధువులో ఆవిణ్ణి బలవంతపెట్టారనే కోర్టు భావించాలి, కాదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప. మొదటిసారి చదివినప్పుడు కొంచెం ఉక్రోషం వచ్చింది. మగాళ్ళందరం దొంగలమా అని. తర్వాత ఆలోచిస్తే, చట్టం మన ఇళ్ళని మనకన్నా బాగా చూసిందనిపించింది. ఒకే చట్టం ఐదో సెక్షనులో "ఆవిణ్ణే అడగండి" అంటుంది, ఇరవైనాలుగులో "ఆవిడ చెప్పింది ఆవిడ మాట కాకపోవచ్చు" అంటుంది. రెండూ నిజమే, చిక్కంతా అక్కడే ఉంది.

అబార్షను చట్టంలోనూ అంతే. 1971 నాటి ఎంటీపీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో కావాల్సింది ఆవిడ అంగీకారం ఒక్కటే. భర్త సంతకం చట్టం అడగదు. ఆసుపత్రులు అడుగుతాయి, రేపు గొడవ రాకుండా. అలా లేని రూలు ఆచారమై కూర్చుంది.

ఈ విషయంలో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు చదివి తీరాల్సింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఒకావిడ లోపల ఏముందో చూసే లాపరోస్కోపీ కోసం వెళ్ళింది. మత్తులో ఉండగా డాక్టరు బయటికొచ్చి, ఆవిడ ముసలి తల్లి సంతకం తీసుకుని, గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. కోర్టు ఏమందంటే, పరీక్షకి ఇచ్చిన అంగీకారం చికిత్సకి అంగీకారం కాదు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక తనే నిర్ణయించుకోగల మనిషి తరఫున తల్లి సంతకం కూడా చెల్లదు. ఆపరేషను వైద్యపరంగా మంచిదే కావచ్చు గాక, అడగకుండా చెయ్యడం తప్పే. డాక్టరు ఫీజు కోసేసి, పైన 25,000 పరిహారం ఇమ్మన్నారు. డబ్బు చిన్నదే. మాట మాత్రం పెద్దది.

* * *

అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టుకి నికేతా మెహతా కేసు వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కడుపులో బిడ్డ గుండెలో తీవ్రమైన లోపం ఉందని తెలిసేసరికి ఇరవై వారాలు దాటిపోయాయి. చట్టం గడువు ఇరవై. అనుమతి కోసం ఆవిడా, భర్తా, వాళ్ళ డాక్టరు నిఖిల్ దాతార్ కోర్టుకెళ్ళారు. కోర్టు కాదంది. కొద్దిరోజులకే ఆవిడకి గర్భస్రావం అయ్యింది. ఆ రోజుల్లో పేపర్లలో జరిగిన రచ్చంతా "తల్లి రాక్షసా, కోర్టు రాక్షసా" అన్నట్టు సాగింది.

నాకు అందులో కనిపించింది మనం రోజూ చూసే సమస్యే. 1971లో ఆ ఇరవై వారాలు రాసినవాళ్ళకి కడుపులో గుండె గదులు చూసే స్కానింగు తెలీదు. ఆ తర్వాత వచ్చిన టెక్నాలజీ ప్రకారం లోపాల కోసం చేసే స్కానింగు సరిగ్గా కనిపించేది 18 నుంచి 20 వారాల మధ్య. ఉమ్మనీటి పరీక్ష పదిహేను వారాలు దాటాకే చేస్తారు, కణాలు పెంచి పూర్తి రిపోర్టు ఇవ్వడానికి ఇంకో రెండు మూడు వారాలు. అంటే కబురు అందేసరికి గడువు ముగుస్తుంది. ఆలోచించుకోవడానికి మిగిలేది రోజులు, ఒక్కోసారి గంటలు. గడువు మెడ మీద కూర్చుని ఉండగా తీసుకునేది నిర్ణయం కాదు, కంగారు.

దాన్ని సరిచెయ్యడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకి గడువు 24 వారాలైంది. తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే ఆ పరిమితి కూడా లేదు. "పెళ్ళయిన స్త్రీ, ఆమె భర్త" అన్న చోట "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్ళికానివాళ్ళకీ ఆ 24 వారాల హక్కు ఉందని తేల్చింది. ఇంతా అయ్యాక కూడా గమనించండి, చట్టం ప్రకారం ఆవిడ "ఒప్పుకోవాలి", డాక్టర్లో బోర్డో "అభిప్రాయపడాలి". తలుపు తెరిచేది ఇప్పటికీ వేరేవాళ్ళే.

* * *

మళ్ళీ మా 1:190 దగ్గరికొస్తాను. ఎర్ర అక్షరాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఇదే రిపోర్టు వచ్చిన 190 మంది తల్లుల్ని వరసగా నిలబెడితే, 189 మంది బిడ్డలకి డౌన్ సిండ్రోమ్ ఉండదు. దాన్నే "హై రిస్క్" అన్నారు. ఎందుకంటే ల్యాబులో గీత 1:250 దగ్గర గీశారు.

ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చింది? వెనకటికి ముప్ఫై ఐదేళ్ళు దాటిన తల్లులకే ఉమ్మనీటి పరీక్ష చెప్పేవారు. ఆ వయసులో డౌన్ సిండ్రోమ్ అవకాశం, సూది వల్ల కడుపు పోయే ప్రమాదం దాదాపు సమానమవుతాయని అప్పట్లో ఒక సమర్థన ఉండేది. పాత లెక్కల్లో సూది ప్రమాదం 200కి ఒకటి. ఈమధ్య అధ్యయనాల్లో అంతకన్నా తక్కువే వస్తోంది. చిత్రమేమిటంటే, ఆ పోలికలో ఒక విలువ దాక్కుని ఉంది: డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టడమూ, ఆరోగ్యంగా ఉన్న బిడ్డని పోగొట్టుకోవడమూ సమానమైన నష్టాలని. ఎవరికి సమానం? మూడేళ్ళ చికిత్స తర్వాత నిలిచిన గర్భమైతే? ఇంట్లో ఇప్పటికే అలాంటి బిడ్డని పెంచుతున్న తల్లయితే? అది లెక్కతో తేలే విషయం కాదు. కాన్ఫిగ్ ఫైల్లో ఎవరో పెట్టిన డిఫాల్ట్ విలువ. మనం దాన్ని ప్రకృతి నియమం అనుకుంటున్నాం.

ఇంకో లెక్క. వెయ్యికి ఒకరి చొప్పున అనుకుంటే, పదివేలమంది తల్లుల్లో పదిమంది బిడ్డలకి డౌన్ సిండ్రోమ్. ఇలాంటి పరీక్ష, స్కానింగుతో కలిపి, నూటికి 90 పట్టుకుని, ఐదుగురిని తప్పుగా భయపెడుతుందనుకోండి. పట్టుబడేవి తొమ్మిది. ఊరికే భయపడేవాళ్ళు దాదాపు ఐదొందలమంది. ఎర్ర అక్షరాలు చూసిన ప్రతి వందమందిలో నిజంగా సమస్య ఉండేది ఇద్దరికన్నా తక్కువ. 1997లో హాంకాంగ్ డాక్టరు డెన్నిస్ లో తల్లి రక్తంలోనే బిడ్డ డీఎన్‌ఏ తిరుగుతుంటుందని చూపించాక, 2011 నుంచి కొత్త రక్తపరీక్షలు మార్కెట్లోకి వచ్చాయి. అవి చాలా మెరుగు, వెయ్యికి ఒకరినే తప్పుగా భయపెడతాయి. అయినా పై లెక్కే వేసి చూడండి: పది నిజమైనవి, పది తప్పువి. సగం సగం! అందుకే అది కూడా ఖాయం చేసే పరీక్ష కాదు. ఖాయం చెయ్యాలంటే ఇప్పటికీ సూదే.

ఇదంతా మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికో పని ఉంది, దాని పేరు జెనెటిక్ కౌన్సెలింగ్. 1947లో అమెరికాలో షెల్డన్ రీడ్ పెట్టిన పేరు. నాసిరకం మనుషుల్ని పుట్టనివ్వకూడదన్న యూజెనిక్స్ కంపు నుంచి ఈ పనిని వేరు చెయ్యడానికే ఆయన ఆ పేరు ఎంచుకున్నాడు. వివరం చెప్పు, తోడుండు, నిర్ణయం మాత్రం నువ్వు చెయ్యకు. ఆ వృత్తి ఆదర్శం ఇది. మనకి అలాంటి మనిషి దొరకడం ఇప్పటికీ కష్టమే. అందుకే ఐదు నిమిషాల డాక్టరూ, గూగులూ, అత్తయ్యగారి ఫోనూ కలిసి కౌన్సెలింగ్ చేసేస్తున్నాయి. మా అమ్మ "మన వంశంలో ఎవరికీ అలాంటివి లేవురా" అంది. మా అత్తయ్య "పరీక్షలన్నీ మానెయ్యండి, దేవుడున్నాడు" అంది. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. ఇద్దరూ ఫోను చేసింది మాత్రం నాకే!

* * *

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వస్తుంది, తప్పించుకుంటే నిజాయితీ కాదు. ఆడపిల్ల అని తెలిసి వద్దనుకోవడం నేరం, డౌన్ సిండ్రోమ్ అని తెలిసి వద్దనుకోవడం చట్టబద్ధం. ఎందుకు? వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆడపిల్ల భారం కాదు, సమాజమే ఆమెని భారం చేసిందని ఒప్పుకున్నాం కదా, మా పిల్లల విషయంలోనూ సగం బరువు సమాజానిదే కదా అని.

నా దగ్గర సుఖమైన జవాబు లేదు. ఒక తేడా అయితే కనిపిస్తుంది. జీవితాంతం ఆ బిడ్డని చూసుకోవాల్సింది ఎక్కువగా ఆ తల్లే. బడి లేకుండా, డేకేర్ లేకుండా, తన తర్వాత ఎవరు చూస్తారన్న భరోసా లేకుండా ఆవిణ్ణి "కను" అనే హక్కు నాకు లేదు. ఆ భరోసా ఏదీ ఇవ్వకుండా "వద్దు, తీయించెయ్" అనే హక్కూ లేదు. యాభై ఏళ్ళ క్రితం జనాభా తగ్గుతుందని డాక్టర్లు పరీక్షని సమర్థించారు. ఇప్పుడెవరైనా ఖర్చు తగ్గుతుందని సమర్థిస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు. పరీక్ష ఆవిడకి తెలియజెయ్యడానికి. దేశం కోసమో, వంశం కోసమో ఆవిడతో ఏదో చేయించడానికి కాదు.

చదివిందంతా పోగేస్తే నాకు తేలిన సంగతి ఇంతే. డెన్మార్క్ సూది నుంచి హాంకాంగ్ రక్తపరీక్ష దాకా, తెలుసుకునే యంత్రాలు బ్రహ్మాండంగా పెరిగాయి. అడిగే పద్ధతి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎయిమ్స్‌లో దేశం పేరు చెప్పి, క్లినిక్కుల్లో కట్నం పేరు చెప్పి, కోర్టుల్లో గడువు పేరు చెప్పి, ఇళ్ళల్లో ప్రేమ పేరు చెప్పి, ప్రతిచోటా ఆవిడ తరఫున ఇంకెవరో మాట్లాడారు. మా విషయంలో ఆ ఇంకెవరో నేనే.

మేమేం చేశామంటారా? మళ్ళీ వెళ్ళాం. ఈసారి ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుంది. నేను పక్కన కూర్చుని, అడిగితేనే నోరు విప్పాను (చాలా కష్టపడ్డాను, నిజం). పరీక్ష చేస్తే ఏమవుతుంది, చెయ్యకపోతే ఏమవుతుంది, ఫలితం ఇలా వస్తే ఏంటి, అలా వస్తే ఏంటి, అన్నీ అడిగింది. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు తీసుకుంది. నిర్ణయం చెప్పింది. అదేమిటో నేను ఇక్కడ రాయను. ఎందుకంటే ఆ కబురు ఆవిడది, చెప్పాలనిపిస్తే ఆవిడే చెప్తుంది.

ఒక్క సలహా మాత్రం ఇస్తాను, మీలో తండ్రి కాబోతున్నవాళ్ళకి. డాక్టరు మీ వైపు తిరిగి "ఏం చేద్దాం సార్?" అన్నప్పుడు, మీరు ఆవిడ వైపు తిరగండి. ఫారం ఇచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చదవండి. పది నిమిషాలు పడుతుంది, అంతే. నేను ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నాను, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.